కలివి పొదల మధ్య ఖాళీ

అమీర్‌పేట,
జూన్ నెల, 2000.

ప్రియమైన నాగీ,

నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం నాకు చేతకాదు. క్షేమంగా లేను. కోపంగా ఉన్నాను.

"వానలు పడేలోపు వచ్చేస్తా బావా" అని కడప బస్సు కిటికీలోంచి అన్నావు. నిన్న పంజాగుట్ట చౌరస్తాలో నిలువునా తడిశాను. వానలు పడ్డాయి. నువ్వు రాలేదు.

మన సందులో నడవడానికి చోటు లేదు. పొద్దున్నే కిందికి దిగితే చాలు, కుర్రాళ్ళు కరపత్రాలు చేతిలో కుక్కుతున్నారు. పోయినేడు వై టూ కే అన్నారు. కొత్త సంవత్సరం వచ్చింది, ప్రపంచం ఆగిపోలేదు, ఇప్పుడు జావా అంటున్నారు. వాటిలో సగం నేను టైపు చేసినవే. "నూరు శాతం ఉద్యోగం" అని నేను కొట్టిన అబద్ధాన్ని నాకే ఇచ్చి "అన్నా, డెమో ఫ్రీ" అంటాడొకడు. వాడి చెంప మీద ఒకటివ్వాలనిపిస్తుంది. వాడి చొక్కా చూసి ఊరుకుంటాను. ఇస్త్రీ లేదు, కాలరు చిరిగింది. నాలాంటివాడే.

అచ్యుతరావు గారి సంస్థ ఇప్పుడు రెండంతస్తులు. కింద జావా, పైన గ్రూప్స్ కోచింగ్. మెట్ల కింద గూట్లో నేనూ నా కంప్యూటరూ. ఇంటర్ తప్పి, పక్కవాడి భుజం మీదుగా చూసి పేజ్‌మేకర్ నేర్చుకున్నవాణ్ణి. రేపటి ఆఫీసర్లు చదివేదంతా నా వేళ్ళలోంచే పోతోంది. నిన్న ఆయన కొత్త పని ఇచ్చాడు. పర్యావరణం పేపరుకి ఒక పట్టిక కావాలట. ఒక అడవి మొక్క, ఒక పక్షి. వర్గీకరణలో తేడాలేంటి, సంరక్షణలో తేడాలేంటి. "మీ ఆవిడది ఆ లైనే కదయ్యా, ఓ ఉత్తరం ముక్క రాసి అడుగు" అన్నాడు. ఆయన చెబితే రాస్తున్నానని అనుకుంటే అనుకో.

ఆదివారాలు ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక మన రాళ్ళ జాగాకి వెళ్తున్నాను. నీ పచ్చ చున్నీ చింపిన ముళ్ళపొద అలాగే ఉంది. ఆ ముల్లుకి ఇంకా ఒక దారప్పోగు వేలాడుతోంది. తీయలేదు.

ఎప్పుడొస్తావో ఒక్క ముక్కలో రాయి.

నీ,
బుల్లబ్బాయి

*

లంకమల అడవి, బద్వేలు దగ్గర,
జూలై.

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం తడిసి వచ్చింది. "కోపంగా ఉన్నాను" అన్న మాట మాత్రం చెదరలేదు. బాల్‌పెన్ను అంత నొక్కి రాస్తే ఎలా చెదురుతుంది?

పట్టికకి జత వెతకక్కర్లేదు. చున్నీ చింపిన ఆ పొద పేరేంటో అప్పుడే చెప్పాను, నువ్వు వినలేదు. కలివి. దాని పేరు పెట్టుకున్న పిట్ట కలివి కోడి. నేనిక్కడికి వచ్చింది దాని కోసమే.

రాసుకో. కలివి వృక్షరాజ్యం, ద్విదళబీజాలు, గన్నేరు కుటుంబం. తుంచితే పాలు కారతాయి, చూశావుగా. కలివి కోడి జంతురాజ్యం, వెన్నెముక ఉన్నవి, పక్షుల తరగతి. కోడి అంటారు కానీ కోడి కాదు. మన గోదారి లంకల్లో తిరిగే ఉల్లంకులూ తీతువులూ ఉన్నాయే, ఆ క్రమంలోది. చుట్టాలందరూ నీటి ఒడ్డున బతుకుతుంటే ఇదొక్కటే వచ్చి ఈ రాళ్ళ నేల మీద పడింది. ఛాతీ మీద రెండు పట్టీలు, పెద్ద కళ్ళు. దాదాపు ఒక జీవితకాలం ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్నాక, పద్నాలుగేళ్ళ కిందట ఈ అడవుల్లోనే దొరికింది. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు. కలివి పొదకి ఏ షెడ్యూలూ లేదు. అంతటా మొలుస్తుంది, వంటచెరకుకి నరుకుతారు, ఎవరూ ఏమీ అనరు.

నేనింకా ఆ పిట్టని చూడలేదు. పగలంతా పొద కింద కదలకుండా ఉంటుంది, చీకటి పడ్డాక తిరుగుతుంది. అందుకే మేం దాని అడుగుల్ని వెతుకుతాం. పొదల మధ్య మెత్తటి మన్ను జల్లించి పట్టీలుగా పరుస్తాం. సాయంత్రం చెక్కతో చదును చేస్తాం. పొద్దున్నే వెళ్ళి ఎవరు నడిచారో చదువుతాం. కుందేలు, నక్క, ముంగిస. మూడు వేళ్ళుండి వెనకవేలు లేని అడుగు పడితే అది మన పిట్ట. ఆ రోజు పండగ. సాయంత్రం దాన్నీ చెరిపేస్తాం. చెరపకపోతే నిన్నటి అడుగేదో ఇవాళ్టిదేదో తెలియదు. చదును చేసిన మట్టి మీద పడిందే లెక్క.

ఇక నువ్వడిగిన ఒక్క ముక్క. పని పొడిగించారు. ఎప్పుడొస్తానో నాకే తెలియదు. నువ్వే ఇక్కడికి రాకూడదూ?

అన్నం వేళకి తింటున్నావా? అబద్ధం రాయకు.

నీ,
నాగేశ్వరి

*

అమీర్‌పేట,
ఆగస్టు.

ప్రియమైన నాగీ,

పిట్ట గురించి పేజీ నిండా. నేను తిన్నానా లేదా అని ఒక్క వాక్యం. తింటున్నాను. మెస్సులో నీళ్ళ పప్పు. అబద్ధం కాదు.

నేనక్కడికి వచ్చి ఏం చేయాలి? మన్ను ఊడ్వాలా? ఆ అడవిలో కరెంటు కూడా ఉండదు. నాకు వచ్చింది ఈ ఒక్క పని. ఇక్కడైతే ఎవడో ఒకడికి అవసరం పడతాను. అక్కడికొస్తే నాగేశ్వరి గారి మొగుడిని, అంతేగా.

పట్టిక కొట్టాను. కొడుతుంటే కోపం వచ్చింది. రాజ్యం దగ్గరే ఇద్దరూ విడిపోయారు. తరగతి, క్రమం, కుటుంబం, ఎంత కిందికి దిగినా మళ్ళీ ఎక్కడా కలవలేదు. కలిసింది నేల మీద ఒక్కచోటే. మరి చట్టానికి కళ్ళు లేవా? పిట్టని ముట్టుకుంటే జైలంటుంది, దాని ఇల్లు నరికి పొయ్యిలో పెట్టుకోండంటుంది. ఇది రాసినవాడికి అద్దె ఇల్లు ఖాళీ చేయడమంటే ఏంటో తెలియదనుకుంటాను. నాకు తెలుసు. మనం మూడు గదులు మారాం.

ఇంకొకటి. మన రాళ్ళ జాగాలో బోర్డు పాతారు. నీలం అద్దాల మేడ బొమ్మ, కింద సాఫ్ట్‌వేర్ కంపెనీ అని. రాళ్ళు పేల్చి చదును చేస్తారట. ఏళ్ళుగా ఆ జాగాకి కాపలా ఉన్న ఓదెలన్నే చెప్పాడు. "ఇంకెన్ని దినాలే బుల్లన్నా, జేసీబీ వస్తది, ఈ రాళ్ళుండయ్, చెట్లుండయ్, నేను సుత ఉండ" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది. మనిషి ఏడవాల్సిన చోట ఎందుకు నవ్వుతాడు?

పొద నిండా కాయలున్నాయి. ఇంకా పచ్చివే.

పొద పక్కన కూర్చుని రాస్తున్న,
బుల్లబ్బాయి

*

లంకమల,
సెప్టెంబరు.

బావా,

ఇక్కడ కాయలు నల్లబడ్డాయి. నాలుక ఊదారంగుకి తిరిగేదాకా తిన్నాను. నీ వాటా కూడా తిన్నాను.

ఒక సంగతి తెలిసింది. పొదలు మరీ ఒత్తుగా ఉన్నచోట మన పిట్ట అడుగు పడదు. బొత్తిగా పొదల్లేని చోటా పడదు. పొదకీ పొదకీ నడుమ పరుగెత్తడానికి కాస్త ఖాళీ ఉండాలి. ఆ ఖాళీయే దాని ఇల్లట. నీకూ నాకూ మధ్య ఉన్న ఈ ఖాళీని ఇల్లనగలమా? నేననలేకపోతున్నాను.

నువ్వు నాగేశ్వరి మొగుడివి అవడం అంత చిన్న పనా?

నీ,
నాగి

*

అమీర్‌పేట,
అక్టోబరు.

ప్రియమైన నాగీ,

ఈసారి నవ్వుతూ రాస్తున్నాను. భయపడకు.

ఘోరమైన తప్పు చేశాను. పట్టిక పేజీ కింద జావా బ్యాచ్ ప్రకటన పెట్టాలన్నాడు అచ్యుతరావు గారు, చివరి గంటలో. కరెంటు పోయింది. ట్రేసింగ్ పేపరు మీద అప్పటికే తీసిన పట్టికని బ్లేడుతో ముక్కలు కోసి, జరిపి, గమ్ముతో అతికించి ప్రెస్సుకి పంపాను. ఆ చీకట్లో కింది ముక్కలు రెండూ తారుమారయ్యాయి. వర్గీకరణ సరిగ్గానే ఉంది. సంరక్షణ మారిపోయింది. ఇప్పుడు పుస్తకంలో కలివి పొద "అతి ప్రమాదంలో ఉన్నది, మొదటి షెడ్యూలు, హాని చేస్తే జైలు". కలివి కోడి "అంతటా మొలుస్తుంది, వంటచెరకుకి నరుకుతారు"!

అంతమంది చదువుకున్నవాళ్ళున్నారు కదా, కోడిని వంటచెరకుకి ఎలా నరుకుతారు సార్ అని ఒక్కడు అడగలేదు. బట్టీ పట్టేశారు.

నేను చూసుకునేసరికి పుస్తకాలు పంచేశారు. అచ్యుతరావు గారి దగ్గరికి పరుగెత్తాను. "అడ్మిషన్ల టైములో తప్పు పడిందని చెప్పుకుంటే మన పరువేం కాను? ఎవడూ అడగలేదు కదా. వదిలేయ్. పరీక్షలో రాదులే" అన్నాడు.

అసలు కథ ఇప్పుడు విను. ఓదెలన్న తమ్ముడి కూతురు మా పై అంతస్తులోనే చదువుతోంది. మొన్న జేసీబీ వచ్చింది. నేను పరుగున వెళ్ళేసరికి ఓదెలన్న ఆ పేజీ పట్టుకుని బండి ముందు నిలబడి ఉన్నాడు.

"ఏ బుల్లన్నా, గిది జూసినవా? గీ ముండ్ల చెట్టు కొడితె జైలంట! ఇన్నేండ్ల సంది దీని పక్కన్నే పంటున్న, గింత పెద్ద చెట్టని నాకు తెల్వకపాయె."

జేసీబీ నడిపేది బోరబండ కమాల్. పేజీ తిరగేసి చూశాడు, పొదని చూశాడు, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "జైలు గీలు నాతోని కాదు భాయ్. ఇంట్ల పిల్లలున్నరు. సేఠ్‌ని పర్మిషన్ కాయితం తెమ్మను, గప్పుడు తోలుత" అన్నాడు.

కాంట్రాక్టరు వచ్చి అరిచాడు. అచ్చులో ఉన్నదాన్ని చూసి ఆయనా తగ్గాడు. అడవి శాఖలో ఎవరినో అడుగుతానని వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు. చుట్టూ రాళ్ళు పేలుస్తున్నారు. మధ్యలో మన పొద ఒక్కటే నిలబడి ఉంది. ఓదెలన్న దాని చుట్టూ తాడు కట్టాడు.

నాగీ, నా బతుకులో నేను కొట్టిన అబద్ధాలన్నింటిలో మంచి చేసింది ఇదొక్కటే. ఇలాగే ఉండనిస్తాను. నువ్వొచ్చి ఒక్క కాయ తినేదాకా.

నీ,
బుల్లబ్బాయి

*

లంకమల,
నవంబరు.

బుల్లబ్బాయికి,

ప్రియమైన అని రాయలేదు, చూసుకో.

ఓదెలన్న గురించి చదివి నవ్వాను. ఆ నవ్వు అయ్యాక నీ పేజీలో రెండో గడి గుర్తొచ్చింది. మా పిట్టని అంతటా ఉండేదని అచ్చేశావు. ఆ పైఅంతస్తులో చదివేవాళ్ళు రేపు ఆఫీసర్లవుతారని రాసింది నువ్వే కదా. రేపు ఏదో ఫైలు మీద సంతకం పెట్టేటప్పుడు "కలివి కోడా? అది అంతటా ఉంటుందిగా" అనడానికి ఒక్కడు చాలు.

ఇది ఊరికే అనడం లేదు. పోయిన వారం వాగు దగ్గరి పట్టీ పక్కన రాళ్ళు పాతి సున్నం కొట్టారు. కాలవ తవ్వుతారట. గీత సరిగ్గా మా పొదల మీదుగా పోతోంది. కాలవ వద్దని నేననను, ఇక్కడి చేలు ఎండిపోవడం రోజూ చూస్తున్నాను. కాస్త పక్కకి జరపమంటున్నాం. జరపమనడానికి మా చేతిలో ఉన్నది, రోజూ ఏ పట్టీ మీద ఏ అడుగు పడిందో గుర్తులు పెట్టిన ఈ అడుగుల పటం ఒక్కటే. "ఇది నిజం" అని చెప్పి ఆ పటం చూపించాలి. అలాంటప్పుడు నా మొగుడు ఇంకోచోట అబద్ధానికి తాడు కట్టి కాపలా కాస్తున్నాడంటే నేనే మొహంతో చూపించను?

పొద నాకూ ప్రాణమే. ఆ దారప్పోగు నా చున్నీదే. అయినా సరిచెయ్యి. ఒక్కళ్ళు మిగలకుండా అందరికీ చెప్పు.

నాగేశ్వరి

*

అమీర్‌పేట,
డిసెంబరు.

ప్రియమైన నాగీ,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను.

నీ ఉత్తరం చాలా రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. చింపేద్దామనుకున్నాను. నిన్ను తిట్టాను కూడా, మెట్ల కింద ఒక్కణ్ణే, గట్టిగా. పొద మిగిలినందుకు సంతోషించకుండా పాఠం చెబుతోంది అని. చివరికి నాకే తెలిసింది, నా కోపం నీ మీద కాదు. నువ్వు చెప్పింది నిజం కావడం మీద.

దిద్దుబాటు చీటీలు కొట్టి, ప్రింటు తీసి, కత్తిరించి, పై అంతస్తుకి వెళ్ళాను. పాఠం జరుగుతుండగానే లోపలికి పోయాను. "నేను ఈ పుస్తకం టైపు చేసినవాణ్ణి. ఈ పేజీలో తప్పుంది, తప్పు నాది. కలివి కోడి అంతటా లేదు. ఇంచుమించు ఎక్కడా లేదు" అన్నాను. ఎవడో వెనక బెంచీలోంచి "ఇది ఇంపార్టెంటా అన్నా? బిట్ వస్తదా?" అన్నాడు. "వస్తది" అన్నాను. అందరూ చీటీ తీసుకుని అతికించుకున్నారు. ఆ ఒక్క అబద్ధం ఆడాను, క్షమించు.

అచ్యుతరావు గారు కిందికి పిలిచి పెద్దగా ఏమీ అనలేదు. "రేపటి నుంచి రావద్దు" అన్నాడు. మెట్ల కింది గూటి తాళం బల్ల మీద పెట్టి వచ్చాను.

అక్కణ్ణుంచి ఓదెలన్న దగ్గరికి. చెప్పాలిగా. "ఎవడడిగిండే నిన్ను? జర నోరు మూసుకుంటె ఏమైతుండె?" అన్నాడు. కమాల్‌కి ఆయనే చెప్పాడు. మర్నాడు పొద్దున బండి వచ్చింది. కమాల్ నా వంక చూడకుండా నడిపాడు. మొదటి దెబ్బకి పాలు కారాయి. రెండో దెబ్బకి వేరు పైకి వచ్చింది. అంతే. టీ తాగే అంతసేపు కూడా పట్టలేదు.

ఆ దారప్పోగు ఉన్న కొమ్మ విరిచి తెచ్చుకున్నాను. చెయ్యంతా గీరుకుంది.

ఇప్పుడు ఈ నగరంలో నాకు పని లేదు, కూర్చోవడానికి రాయి లేదు. నువ్వు చెప్పినట్టే చేశాను. ఇక నీ మీద ఎంత బెంగగా ఉందో రాయడానికి సిగ్గుపడను. ఒక్కసారి కనపడు. నన్ను రమ్మన్నావు కదా, ఆ మాట ఇంకా ఉందా?

బుల్లబ్బాయి

*

లంకమల,
జనవరి.

ప్రియమైన, ప్రియమైన బావకి,

మాట ఉంది. వెంటనే రా. బద్వేలులో దిగి పోరుమామిళ్ళ వైపు బస్సెక్కు.

ఒక చిక్కు ఉంది. అడుగుల పటం పట్టుకుని నన్నే హైదరాబాదు వెళ్ళమన్నారు. ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఎన్నాళ్ళో తెలియదు. నేను లేనప్పుడు పట్టీలు చదును చేసేవాళ్ళు లేరు. ఒక్క సాయంత్రం తప్పినా పటంలో ఆ రోజు ఖాళీ.

నువ్వొచ్చాక ఒక్క రోజు కలిసి ఉంటాం. ఆ తర్వాత మన గది తాళం నాకిస్తావు, చెక్క నీకిస్తాను. తిట్టాలనిపిస్తే వచ్చి తిట్టు.

నీ,
నాగి

*

లంకమల,
ఫిబ్రవరి, 2001.

ప్రియమైన నాగీ,

నువ్వు నా గదిలో, నేను నీ పాకలో. ఎవడైనా వింటే నవ్వుతాడు. నేను మన్ను ఊడుస్తున్నాను. అనుకున్నది అనుకున్నట్టే అయింది చూడు.

మన సందులో కొళాయి తెల్లవారకముందే వస్తుంది, బిందె ముందు రోజే వరసలో పెట్టుకో. కరపత్రాలు ఇచ్చేవాళ్ళ మీద విసుక్కోకు. ఎర్రమంజిల్‌లో ఏ ఆఫీసులో కూర్చోమంటే అక్కడ కూర్చో, రేపు రమ్మంటే మాత్రం లేవకు. మర్యాదగా మాట్లాడి లాభం లేకపోతే నన్ను తలచుకో. ఓదెలన్న కొత్త మేడ దగ్గర కనిపిస్తే బీడీలు కొనిపెట్టు. నా మీద ఆయనకింకా కోపమే. ఉండాలి.

వాగు దగ్గరి పట్టీ సంగతి రాయాలి.

నువ్వు బస్సుకి వెళ్ళేటప్పుడు ఆ పట్టీ మీదుగానే నడిచావు. మడమ దగ్గర అరిగిన నీ చెప్పుల అచ్చు మెత్తటి మన్ను మీద వరసగా పడింది. ఆ సాయంత్రం అన్నీ చదును చేశాను. దాని దగ్గరికి వచ్చి చెక్క ఎత్తాను, దించలేకపోయాను. మర్నాడూ అంతే. రోజూ పొద్దున వెళ్ళి ఇంకా ఉన్నాయా లేదా అని చూసుకునేవాణ్ణి. ఒక్క రోజు కాపురం చేసినవాడికి ఆ మాత్రం ఉండదా అనుకున్నాను.

ఇవాళ పొద్దున ఆ పట్టీ మీద మూడు వేళ్ళు. వెనకవేలు లేదు. నీ అడుగుల పక్కనే నడిచి, ఒకచోట నీ మడమ గుంటలో దిగి, మళ్ళీ ఎక్కి, సున్నం రాళ్ళ వైపు వెళ్ళింది. కాలవ గీతకి ఇంత దగ్గరగా ఎప్పుడూ పడలేదు కదా. గట్టిగా అరిచాను. వినడానికి ఎవరూ లేరు.

రాసుకుందామని కూర్చున్నాక గుర్తొచ్చింది. చదును చేసిన మట్టి మీద పడిందే లెక్క. నిన్న లేదు, ఇవాళ ఉంది, నా కళ్ళతో చూశాను. చదును చేశానని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆఫీసులో నువ్వు బల్ల మీద పెట్టి చూపించడానికి ఇంతకన్నా గట్టి అడుగు దొరకదు. కలం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తిట్టుకున్నాను. నిన్ను, నన్ను, ఆ పిట్టని, అది రావడానికి ఎంచుకున్న రోజుని.

రాయలేదు. ఇవాళ్టి పటంలో వాగు పట్టీ ఖాళీ. తప్పు నాది.

సాయంత్రం చెక్క తీసుకుని నీ అడుగులూ దాని అడుగులూ కలిపి చదును చేశాను. ఈసారి చెయ్యి ఆగలేదు. మన్ను అద్దంలా ఉంది ఇప్పుడు. మీ ఇద్దరిలో ఎవరు ముందొస్తారో రోజూ పొద్దున్నే వెళ్ళి చూస్తుంటాను.

నీ మొగుడు,
బుల్లబ్బాయి